పోలిష్ బడిలో బియ్యం పళ్ళెం

నేను పనిచేసే ఇల్లు గల్ఫ్‌లో, జుఫైర్ అనే పేటలో, పదకొండో అంతస్తులో. శనివారం పొద్దున మాత్రం అది ఇల్లు కాదు, బడి. మా మేడం పోలండ్ ఆవిడ. ఆ దేశం నుంచి ఉద్యోగాలకొచ్చిన వాళ్ళ పిల్లలు మా హాల్లో చేరి, రెండు గంటలు వాళ్ళ భాష చదువుకుని, నేను చేసిన జంతికలు ఖాళీ చేసి వెళ్తారు. సోఫాలు జరిపేది నేనే, మళ్ళీ సర్దేది నేనే. కాబట్టి ఆ బడిలో నాకూ ఓ హోదా ఉందనే నా నమ్మకం.

ఈ బడికి పెద్ద చరిత్రే ఉందని మేడం చెబుతుంటుంది. మొదట్లో ఎవరో ఒక తల్లి అద్లియాలో కాఫీ షాపు మేడమీద ముగ్గురు పిల్లలతో మొదలుపెట్టిందట. భర్తకు బదిలీ అయితే పుస్తకాల పెట్టె ఇంకో తల్లికి అప్పగించి వెళ్ళింది. ఆవిడ ఇంకొకరికి. అలా ఇల్లిల్లూ తిరిగి ఆ పెట్టె మా హాల్లోకి వచ్చి పడింది. నేను పనిలో చేరిన కొత్తలో పదకొండు మంది పిల్లలుండేవారు. వాళ్ళ కోసం జిదాఫ్స్ బజారు నుంచి బియ్యప్పిండి మోసుకొచ్చీ మోసుకొచ్చీ నా భుజం పడిపోయేది. తర్వాత కాంట్రాక్టులు అయిపోయి ఒక్కో కుటుంబమూ వెళ్ళిపోయింది. కిందటేడు వేసవి సెలవులు అయ్యేసరికి నలుగురు మిగిలారు. అందులో ఒకతె మేడం కూతురే.

ఐదుగురు లేకపోతే పోలండ్ నుంచి పుస్తకాలు రావు, బడి మూసెయ్యాల్సిందే. మేడం దిగులు నాకు అర్థమయ్యేది. ఆవిడ వాళ్ళ భాషలో అడిగితే కూతురు ఇంగ్లీషులో జవాబు చెబుతుంది. ఈ శనివారాలు కూడా పోతే ఆ పిల్ల తన అమ్మమ్మతో ఫోన్లో మాట్లాడాలన్నా మధ్యలో తల్లి కూర్చోవాలి.

సరిగ్గా అప్పుడే ఐదో పాప దొరికింది. ఓడల రిపేరు పనిలో కొత్తగా చేరిన ఇంజనీరు కూతురు, ఐదేళ్ళది.

వాళ్ళలో ఒక పద్ధతుంది. బడిలో కొత్తగా చేరిన పిల్ల భుజమ్మీద టీచరు పెద్ద పెన్సిల్ ఆనించి, ఇవాల్టి నుంచి నువ్వు బడిపిల్లవి అంటుంది. ఆ పెన్సిల్ అట్టతో చేసింది, నా చెయ్యంత పొడుగు. మేడం దాన్ని పైకెత్తగానే కొడతారనుకుని పాప కెవ్వుమంది. గబుక్కున బల్ల కింద దూరింది. ఎంతమంది బతిమాలినా రాదు. తండ్రి మొహమాటపడుతూ, ఇంకో ఏడాది ఆగి చేర్పిస్తానన్నాడు. మేడం మొహంలో నెత్తురు చుక్క లేదు.

నేను వంటింట్లో బియ్యం ఏరుతున్నాను. ఆ ఏడుపు వినలేక చేతిలో పళ్ళెంతోనే వెళ్ళి బల్ల పక్కన చతికిలబడ్డాను. కాసేపటికి పాప ముక్కు ఎగబీలుస్తూ పాక్కుంటూ వచ్చి బియ్యంలో వేళ్ళు పెట్టింది. ఒళ్ళోకి తీసుకున్నాను. పళ్ళెంలో బియ్యం, ఒళ్ళో పిల్ల, ఎదురుగా పుస్తకాలు. ఇంక నాకు ఒళ్ళు తెలియలేదు. వేలు పట్టుకుని ఓనమాలు దిద్దించేశాను. నోటితో చెప్పించాను కూడా. పాప నాకంటే గట్టిగా చెప్పింది.

తలెత్తి చూస్తే అందరూ నన్నే చూస్తున్నారు. పోలిష్ బడిలో పిల్ల చేరే రోజున తెలుగు దిద్దించిన ఘనత నాది. ఖలాస్, ఉద్యోగం ఊడినట్టే అనుకున్నాను. ఏం రాయించావని మేడం అడిగింది. మా ఇళ్ళలో చదువు ఇలాగే మొదలవుతుందని నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పుకున్నాను. ఆవిడ పళ్ళెం కేసి చూసింది. పెన్సిల్ పక్కన పెట్టి, వచ్చి నా పక్కనే నేలమీద కూర్చుంది. పాప వేలు తను పట్టుకుని నా అక్షరాల పక్కన వాళ్ళ మొదటి అక్షరం రాయించింది. పాప లేచి వెళ్ళిపోలేదు సరికదా, వచ్చే శనివారం కూడా బియ్యం ఉంటాయా అని తండ్రిని అడిగిందట. ఆయన నవ్వి పేరు రాయించాడు. బడి నిలబడింది.

అందరూ వెళ్ళాక మేడం తనే కాఫీ కలిపి నా చేతికిచ్చింది.

"నీ కొడుక్కి కూడా ఇలాగే రాయించావా?" అంది.

లేదన్నాను. వాడి అక్షరాభ్యాసం రోజున నేను ఇదే ఇంట్లో కర్టెన్లు ఇస్త్రీ చేస్తున్నాను. కోనసీమలో మా అక్క వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని దిద్దించింది, నేను ఫోన్లో చూశాను. నా బిడ్డ కోసం అంత చేసిన అక్క మీద నాకు అసూయ పుట్టింది. ఆ పూట అన్నం సయించలేదు. మేడం నా కాఫీలో ఇంకో చెంచా పంచదార వేసింది.

మర్నాడు వీడియో కాల్లో ఈ సంగతంతా మావాడికి నవ్వుతూ చెప్పాను. వాడు నవ్వలేదు. ఎవరి పాపకో నువ్వెందుకు రాయించావని అలిగి ఫోన్ పెట్టేశాడు.

ఈ ఏడు సెలవు మీద ఇంటికెళ్ళాను. నేను కాళ్ళు కడుక్కుని వచ్చేలోపే వాడు పళ్ళెం నిండా బియ్యం పోసుకొచ్చి నా ఒళ్ళో కూర్చున్నాడు. మూడో తరగతి, తెలుగులో క్లాసు ఫస్టు. బరువుకి నా మోకాళ్ళు పట్టేశాయి. అన్నీ వచ్చినవాడికి కొత్తగా దిద్దించేదేముందిరా అన్నాను.

"నాకొచ్చులే. అయినా నువ్వు పట్టుకో," అని వేలు చాపాడు.