సున్నాల మాస్టారి ఒకే ఒక్క తప్పు

మా లెక్కల మాస్టారి జీవితంలో సున్నాతో ముగియని సంఖ్య లేదు. చిన్నపిల్లలకి సంఖ్యల్ని దగ్గరి పదికి సవరించడం నేర్పీ నేర్పీ, తననే సవరించేసుకున్నారాయన. యాభై నాలుగేళ్లు నిండినా వయసడిగితే యాభయ్యే. యాభై అయిదు నిండిన పొద్దున ఒక్క ఉదుటున అరవై! ఆ ఒక్కరోజులో జుట్టంతా తెల్లబడిపోయింది. నమ్మరేమో, నేను కళ్లారా చూశాను.

భార్య నాలుగు గుడ్లు తెమ్మంటే ఖాళీ సంచితో వచ్చేవారు.

"గుడ్లేవండీ?"

"నాలుక్కి దగ్గరిది సున్నాయే కదే!"

"అయితే ఆ సున్నానే ఆమ్లెట్ వేస్తాను, తిని బడికెళ్లండి."

అప్పట్నించి ఆవిడ ఎన్ని కావాలన్నా అయిదే చెప్పేది. పది వచ్చేవి. చుట్టుపక్కల ఇళ్లన్నీ ఆ గుడ్ల మీదే బతికాయి.

బడిలో వరండా నేలమీద సుద్దతో పొడుగాటి గీత గీసి, పది పదికీ ఒక ఇల్లు బొమ్మ వేసేవారు. ఇరవై ఇల్లు, ముప్పై ఇల్లు, నలభై ఇల్లు. మనం నిలబడ్డ అంకెకి ఏ ఇల్లు దగ్గరైతే అందులోకి దూకాలి. నన్నెక్కడ నిలబెట్టినా ఇరవై ఇంట్లోకే పరుగెత్తేవాణ్ణి. నీళ్లకుండ అటువైపుండేది. అది లెక్క రాకపోవడం కాదు, దాహం.

"సరిగ్గా మధ్యలో ఉంటే ఎటెళ్లాలి మాస్టారూ?" అని ఎవరైనా అడిగితే, "పై ఇంటికే! సగం దూరం నడిచొచ్చినవాణ్ణి వెనక్కి పంపకూడదురా" అనేవారు.

ఏడాది చివర పెద్దమేడం నోటిపరీక్ష పెట్టింది. నోరు విప్పకపోతే మళ్లీ నాలుగో తరగతే. అంటే మా చెల్లెలి పక్కన! "అన్నయ్యా, నా పక్కన కూచుంటే నా పెన్సిల్ ముట్టుకోకూడదు, తెలిసిందా?" అని అది అప్పుడే షరతులు మొదలెట్టింది. సింహాన్ని చెవి పట్టుకుని ఆడించగలవాణ్ణి నేను. కానీ ఎవరైనా ప్రశ్న అడిగితే చాలు, నాలుక అంగిట్లో అతుక్కుపోయేది.

"ముప్పై నాలుగుని సవరించు బాబూ" అంది పెద్దమేడం.

నేను కిటికీ వంక చూశాను. కిటికీ కూడా చెప్పలేదు.

మాస్టారు లేచి, "ఇదిగో, ఇలాగరా" అంటూ బోర్డు మీద ముప్పై నాలుగు రాసి, దాని పక్కన నలభై వేశారు.

"మాస్టారూ, తప్పు!"

ఆ అరుపెవరిదా అని చూస్తే నాదే.

"ఏం తప్పురా?"

"వెనక్కి నాలుగడుగులేస్తే ముప్పై ఇల్లు! నలభైకి ఆరడుగులు. పనిలేనివాడు తప్ప ఎవడు నడుస్తాడండీ?"

"మరి ఇరవై ఇల్లో?" అంది పెద్దమేడం.

"నీళ్లక్కడే ఉంటాయి గానీ మేడం, మరీ దూరం."

పెద్దమేడం నన్ను పైతరగతికి పంపేసి మాస్టారి వైపు తిరిగింది. "పిల్లాడికి తెలిసింది మీకు తెలీదా మాస్టారూ?" అని అందరి ముందూ చివాట్లు పెట్టింది. ఆయన తలొంచుకుని నిలబడ్డారు. మాస్టారికి లెక్కలు నేర్పింది నేనేనని ఊరంతా చాటుకున్నాను. ఆ తర్వాత రెండేళ్లకి, నాకు నేర్పడానికింకేమీ మిగల్లేదు కాబోలు, బడే నన్ను వదులుకుంది.

ఇప్పుడు టైల్స్ పని చేస్తున్నాను. ఈమధ్య మాస్టారి వంటింటికి కొలతలు తీసి, "ముప్పై నాలుగు పడతాయి" అన్నాను.

"అయితే ముప్పై తెప్పించు."

"మిగతా చోట సున్నాలు పరవమంటారా? పగిలేవాటితో కలిపి నలభై కావాలి. అయినా ముప్పై నాలుక్కి నలభై వెయ్యడం మీకు కొత్తా మాస్టారూ?" అన్నాను, బోర్డు సంగతి గుర్తుచేస్తూ.

లోపల్నించి ఆయన భార్య గొంతు వినిపించింది. "ఆ తప్పు కోసం ముందురోజు సాయంత్రమంతా ఈ గోడమీదే సాధన చేశారు నాయనా! చెయ్యి ముప్పై వైపే లాగేస్తోందని ఒకటే గోల. ఆ సుద్ద తుడవలేక నా నడుం పడిపోయింది."

నా నాలుక మళ్లీ అంగిట్లో అతుక్కుంది.

"ఏం చెయ్యను? ప్రశ్నడిగితే వీడి నోరు పెగలదు, ఎదుటివాడు తప్పు చేస్తే ఆగదు" అని గొణిగారు మాస్టారు. "సగం దూరం వచ్చినవాడే కదా!"

నలభై తెప్పించి పరిచాను. ఒక్కటీ పగల్లేదు, పనితనం అలాంటిది. ఆరు మిగిలాయి.

"పది మిగిలాయిరా!" అని మురిసిపోయారు మాస్టారు.

ఆ పదీ మోసి అటక మీద పెట్టాను.