పురుగుమందుల అంగడిలో తేనెటీగలు

ఆళ్లగడ్డలో మాది పురుగుమందుల అంగడి. మధ్యాహ్నం పూట గల్లాపెట్టె దగ్గర నేనే కూర్చుంటాను. అలాంటి ఇంటి కోడలు తేనెటీగలు పెంచుతానంటే అందరూ నవ్వారు, మా అత్త తప్ప. నోరులేని ప్రాణుల కూడు లాక్కోవడం మన ఇళ్లలో లేదందామె. మరి మనం అమ్మే మందులు ఎవరి మీద చల్లుతారని అడిగాను. 

ఈ పిచ్చి నంద్యాలలో పుట్టింటికి పోయినప్పుడు పట్టుకుంది. అక్కడ రైతులకు తేనెటీగల పెంపకం నేర్పుతున్నారంటే చూద్దామని వెళ్లాను. పెట్టె మూత తీసే ముందు ఆడవాళ్లు వెనక్కి జరగండన్నాడు నేర్పేవాడు. నేను ముందుకు జరిగాను. మైనం వాసన, లోపలి నుంచి సన్నటి రొద. ఇంటికి వచ్చాక కూడా చెవుల్లో అదే.

మహానంది దగ్గర తేనెటీగలు పెంచే ఒకాయన నుంచి రెండు పెట్టెలు తెచ్చుకున్నాను. మా అంగడికి వచ్చే రైతు ఒకాయన, ఈగలు పూల మీద వాలితే గింజ బాగా పడుతుందంటే సరేనని, తన పొద్దుతిరుగుడు చేని గట్టున పెట్టుకోనిచ్చాడు.

మొదటిసారి మూత తీసిన రోజు తలకు సంపెంగ నూనె రాసుకొని పోయాను. ఘాటు వాసన ఈగలకు పడదని నంద్యాలలో చెప్పింది మరిచిపోయాను. దోమతెరతో కుట్టుకున్న ముసుగులోకి దూరి కంటిరెప్ప మీద, పెదవి మీద కుట్టాయి. మరుసటి రోజుకు కన్ను పూర్తిగా మూసుకుపోయింది. ఇంట్లోనే ఉండమన్నాడు మా ఆయన. నేను అంగడికే పోయి కూర్చున్నాను. వచ్చినవాళ్లంతా నా మొహమే చూశారు.

"ఏందక్కా, మొగమట్లయింది?" అన్నాడొకాయన.

"ఈగలు కుట్టినాయి. రేపు మళ్లా పోతాండా" అన్నాను.

పోయాను. ఈగలు వచ్చిపోయే దారికి అడ్డం నిలబడకూడదని, కొంచెం పొగ పెట్టి తేనెపట్టు ఉన్న చట్రాన్ని మెల్లగా పైకి తీయాలని తెలిసొచ్చింది. ఈలోగా ఒక పెట్టెకు చీమలు పట్టి ఈగలన్నీ లేచిపోయాయి. ఇంతటితో చాలించమన్నాడు మా ఆయన. నేను చీమలు ఎక్కకుండా రెండో పెట్టె కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టి వచ్చాను.

చేను నిండా పూత మీదున్నప్పుడు ఒక పొద్దున పోయేసరికి పెట్టె ముందు నేలంతా చచ్చిన ఈగలు. కొన్ని ఇంకా గిరగిర తిరుగుతున్నాయి. పక్క చేనాయన తెల్లవారగానే మందు కొట్టాడు. గట్టు మీద పడేసిన డబ్బా మా అంగడిదే. ఈగలను కొంగులోకి ఎత్తుకొని నేరుగా అంగడికి వచ్చాను. రైతులు నిలబడి ఉండగానే మా ఆయన ముందు బల్ల మీద పోశాను.

"గిరాకీ ఉన్నప్పుడు ఏందే ఇది?" అన్నాడు.

"మన మందు బాగా పని చేసింది. చూడండి."

"అడిగిన మందు ఇచ్చినా. ఎప్పుడు కొట్టుకోవాల్నో కూడా నేనే చెప్పాల్నా?"

"మీరు చెప్పకుంటే నేను చెప్తా."

ఆ రోజు నుంచి మందు కొన్న ప్రతివాళ్లకూ చెప్పడం మొదలుపెట్టాను: పూత మీద పొద్దున కొట్టొద్దు, పొద్దు మునిగి ఈగలు గూటికి పోయినాక కొట్టండి అని. కొందరు తలూపారు. ఒకాయన మందు అక్కడే వదిలేసి వేరే అంగడికి పోయాడు. మా ఆయన నంద్యాలకు ఫోన్ చేసి మా నాయనతో మొరపెట్టుకున్నాడు.

"ఏమ్మా, అంగడి మూయిస్తాండావంట?" అన్నాడు నాయన.

"అంగడి మూయించను నాయనా. నోరు మాత్రం మూసుకోను."

ఆయన తిన్నావా అని అడిగి ఫోన్ పెట్టేశాడు.

పెట్టెలో రాణి ఈగ బతికే ఉంది. చక్కెర నీళ్లు పెట్టుకుంటూ వచ్చాను. మెల్లగా మళ్లీ సందడి పుట్టింది. ఆ ఏడు తేనె తీయలేదు. ఉన్న కాస్తా వాటికే వదిలేశాను. ఇంత గొడవ చేసి చివరికి ఏం మిగిలిందని అత్త అడిగింది. ఈగలు మిగిలాయన్నాను.

ఇప్పుడు పెట్టెలు పెరిగాయి. మొన్న పక్క చేనాయన మందు కోసం వచ్చాడు. నేను నోరు తెరవకముందే చెయ్యి అడ్డం పెట్టాడు.

"పొద్దు మునిగినాకే కొడతాలేక్కా. మళ్లా చెప్పొద్దు."

నేను మొదటి నుంచి చివరిదాకా మళ్లీ చెప్పాను. విన్నాకే డబ్బా చేతికిచ్చాను.