పదును పోయిన రెండు రోజులు

రెవెన్యూ కచేరీలో గుమాస్తాగా రిటైరైన మరుసటి ఏడు మా మండలంలోని రైతు సంఘం ఆఫీసులో కంప్యూటరు చూసుకునే పని ఒప్పుకున్నాను. అది పాతది. తాడిపత్రి సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే ఒక ఇంజనీరు దానిలో విండోసు బదులు లినక్సు ఎక్కించి ఇచ్చాడు. ఏ ప్రోగ్రాము ప్యాకేజీ ఎక్కించినా తీసినా రాసిపెట్టుకోమన్నాడు. నాకు ఆ మాట నచ్చింది. అప్పటికి ముప్పై ఏళ్ళుగా డైరీ రాస్తున్నవాణ్ణి. వాన ఎంత పడింది, ఎవరు వచ్చారు అన్న వాటి కింద ఆ రోజు కంప్యూటరులో కొట్టిన ఆజ్ఞలు కూడా రాసేవాణ్ణి.

మా ఎర్రనేలల్లో వాన పడ్డాక విత్తనం మొలకెత్తేంత తేమ రెండు మూడు రోజులే నిలుస్తుంది. దాన్ని పదును అంటాం. వేరుశనగ ఆ పదునులోనే విత్తాలి. విత్తనకాయల మూటలు గోదాములో ఉండేవి. సంఘం నుంచి రైతు పేరుతో చీటీ వస్తే తప్ప మూట బయటికి వచ్చేది కాదు. ఆ చీటీలు కంప్యూటరులోనే అచ్చు వేసేవాళ్ళం.

ఆ ఏడు మొదటి వాన ఒక సాయంత్రం గట్టిగా పడింది. మరుసటి ఉదయం ఎనిమిదింటికే ఆఫీసు తెరిచాను. కాగితానికి ఒక్క చీటీ చొప్పున అచ్చవడం నాకు చాలాకాలంగా గిట్టడం లేదు. కంప్యూటరు పత్రికతో వచ్చిన సీడీలో నాలుగు చీటీలు ఒకే కాగితం మీద అచ్చు వేయగల కొత్త ప్యాకేజీ ఉంది. నడిచేదాన్ని కదిలించొద్దని సంఘం అధ్యక్షుడు అంతకుముందే చెప్పి ఉన్నాడు. పది నిమిషాల పనే కదా అనుకున్నాను.

కొత్త ప్యాకేజీ ఒక కొత్త లైబ్రరీ, అంటే చాలా ప్రోగ్రాములు కలిసి వాడుకునే ఫైలు, కావాలంది. దాన్ని ఎక్కించబోతే, పాత లైబ్రరీ మీద ఆధారపడినవి ఇన్ని ఉన్నాయని వరుసగా పేర్లు చూపి ఆగిపోయింది. ఆ పేర్లన్నీ డైరీలో రాసుకున్నాను. రాసుకున్నానే గానీ, అవేమిటో ఆలోచించలేదు. ఆధారాలు చూడకుండా బలవంతంగా ఎక్కించమనే ఆజ్ఞ ఒకటుంది. అది కొట్టాను.

ఆ తర్వాత ఏ ఆజ్ఞ ఇచ్చినా లైబ్రరీ కుదరదన్న జవాబే. ఫైళ్ళ జాబితా కూడా చూపలేదు. ఆపి మళ్ళీ వేస్తే సగంలో నిలిచిపోయింది.

అప్పటికి వరండాలో పాతికమంది కూర్చున్నారు. అందరికంటే ముందు శింగనమల దారిలోని ఒక పల్లె నుంచి వచ్చిన ఆడమనిషి. మూడెకరాల చేను, బాడుగ ఎద్దులు. రేపు సాయంత్రం దాకే ఎద్దులు ఆమెవి. ఎంతసేపని అడిగితే ఇంకో గంట అన్నాను. పక్కనున్నాయన నవ్వి, "ఏమప్పా, రాత్రి వానకు మీ మిషనుకు జలుబు చేసినట్టుండాదే" అన్నాడు. నేనూ నవ్వాను.

మధ్యాహ్నం ఇంకో గంట అన్నాను. సాయంత్రం, పొద్దున్నే రమ్మన్నాను. తాడిపత్రికి ఫోను చేస్తే ఇంజనీరు ఊళ్ళో లేడు. రెండో రోజు కూడా ఆ మాటలే చెప్పాను. అధ్యక్షుడితో కంప్యూటరు దానంతటదే చెడిపోయిందన్నాను. మొదటి రోజు డైరీలోనూ "కంప్యూటరు పనిచేయలేదు" అని మాత్రమే రాశాను. కొట్టిన ఆజ్ఞ రాయని రోజు అదొక్కటే.

మూడో రోజు ఇంజనీరు వచ్చి, సీడీతో కంప్యూటరు లేపి, పాత లైబ్రరీ తిరిగి పెట్టి అరగంటలో నడిపించాడు. స్క్రీను చూడగానే ఏం జరిగిందో అతనికి తెలిసింది. నా ముఖం చూసి, సీడీ తీసి సంచిలో పెట్టుకున్నాడు.

రెండు రోజుల గాలికి నేల పైపొర ఆరిపోయింది. శింగనమల దారి ఆడమనిషి బాడుగ ఎద్దులు వేరేవాళ్ళ చేనికి పోయాయి. చీటీ అందుకుంటూ, "మిషను చెడిపోతే నువ్వేం జేస్తావులే సార్" అంది. మళ్ళీ ఎద్దులు దొరికి విత్తేసరికి ఇంకో రెండు రోజులు పట్టింది. సగం సాళ్ళు మొలవలేదు. తర్వాతి వాన చాలా ఆలస్యంగా వచ్చింది.

రెండేళ్ళ తర్వాత బస్టాండులో కనిపించింది. పలకరించి, పక్కన కూర్చుని, ఆ రోజు మిషను దానంతటది చెడిపోలేదనీ, నేనే చెడగొట్టాననీ చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె తిట్టలేదు.

"చెడగొడితే చెడగొడితివి. అయ్యేది లేదని ఆ పొద్దే చెప్పింటే చీటీలు చేత్తో రాయించుకొని పోతుంటిమి కదా సార్. ఇంకో గంట, ఇంకో గంట అంటివి. నీ మాట నమ్మి కూచుంటిమి."

బస్సు వస్తే సంచి తీసుకుని ఎక్కింది.

చేత్తో రాయవచ్చన్న ఆలోచన నాకు రాలేదని చెప్పుకోవడానికి లేదు. మొదటి రోజు మధ్యాహ్నమే వచ్చింది. రైతుల పేర్ల జాబితా నా బల్ల మీదే ఉంది. కానీ చీటీలు చేత్తో ఎందుకు రాస్తున్నావని అధ్యక్షుడు అడుగుతాడు. అప్పుడు నేను చేసింది చెప్పవలసి వస్తుంది. అందుకని ఆ జాబితాను మడిచి సొరుగులో పెట్టాను.