గాలి లేచిన రోజు

ఇటలీలోని సార్డీనియా దీవి కొండల్లో మా ఎఫిజియా అత్త ఇంటికి పట్నంవాళ్లు సెలవుల్లో సేదదీరడానికి వస్తారు. వాళ్లకది స్వర్గం. అత్తకు మాత్రం వేసవంతా గుండె గుప్పిట్లోనే ఉంటుంది. ఆమె చిన్నప్పుడు కార్చిచ్చు తండ్రినీ, దొడ్లో ఉన్న గొర్రెల మందనూ ఒక్క మధ్యాహ్నంలో మింగేసింది. అప్పటినుంచి వాయవ్యపు గాలి లేచిన రోజు ఆమె పొయ్యి వెలిగించదు. ఎంతటి అతిథులైనా సరే, నీళ్లు చిలకరించిన ఎండురొట్టె, గొర్రెపాల చీజ్ తినాల్సిందే.

ఆ రోజు గాలి ఈడ్చికొడుతోంది. మిలాన్ నుంచి వచ్చిన కొర్రాదో చెట్టుకింద ఉయ్యాల్లో పడుకుని, పక్కనే దోమల కాయిల్ వెలిగించాడు. అత్త పరుగున వచ్చి కూజాడు నీళ్లు దానిమీద గుమ్మరించింది. అతని చొక్కా కూడా తడిసింది.

"పిచ్చా ఏంటమ్మా మీకు? ఇంత చిన్న నిప్పుకా ఈ హడావిడి?"

"పెద్దదయ్యాక నువ్వు ఆర్పుతావా నాయనా?"

నాకు నవ్వాగలేదు. అతనూ నవ్వేశాడు. "సర్లెండి, ఆరిపోయిందిగా. ఇక కూర్చోండి."

అత్త కూర్చోలేదు. గాలికి ఎదురుగా తిరిగి వాసన పట్టింది. చేతిలోని ఖాళీ కూజా కింద పడేసింది.

"ఇది దోమల కాయిల్ వాసన కాదే," అంది నాతో. "పరిగెత్తు. ముందు గొర్రెల దొడ్డి తలుపు తియ్యి."