మామ గడ్డం, నా జన్యువు

ప్రొద్దుటూరులో డిగ్రీ పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు ఒక చోటికి రాగానే నాకు నవ్వొస్తుంది. మేడంకు ఏమైందో అని పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. రోగాన్ని ఎదిరించే కణాలు ఒంట్లో మంట పుట్టిస్తాయి, ఆ మంటను ఆర్పే పదార్థాన్నీ అవే తయారు చేస్తాయి, దాని పేరు ఇంటర్‌ల్యూకిన్-10 అని బోర్డు మీద రాస్తాను. దాని జన్యువు ఎప్పుడు తెరుచుకుంటుందో చెప్పండి అని అడుగుతాను. మంట తగ్గాక అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని కాలేజీ అంతటికీ తెలుసు కానీ, ఈ తప్పుకు మాత్రం ఎవరినీ తిట్టను. ఒకప్పుడు నేనూ అదే అనుకున్నాను. అంతకుముందు మా ఇంట్లో అందరం అదే అనుకున్నాం. అప్పుడు ప్రమాదంలో పడింది మా మామ ప్రాణం.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. మైలవరం డ్యాం కాలువ కింద వాళ్ల ఊరు. సైకిల్ వెనక శెనక్కాయల మూట కట్టుకుని ప్రొద్దుటూరు వచ్చేవాడు. మూట దించకముందే గుమ్మంలో నిలబడి నన్ను వెక్కిరించేవాడు. నేను చదువుకుంటుంటే పుస్తకం తలకిందులుగా పట్టుకుని చదివినట్టు నటించేవాడు. మనిషి నల్లగా, చెంపలు నున్నగా ఉండేవాడు. రోజు విడిచి రోజు గడ్డం గీయించుకోకపోతే ఆయనకు అన్నం సయించేది కాదు. మామంటే నాకు ప్రాణం. ఆయన పోయి ఇన్నేళ్లయినా పచ్చి శెనక్కాయల వాసన వస్తే గుమ్మం వైపు చూస్తాను.

ఆ రోజుల్లో మా దిక్కున పార్టీ అంటే జెండా కాదు, మనిషి. ఏ నాయకుడి వెనక నడిస్తే ఆ పార్టీ. పైన జెండాలు మారేవి, కింద మనుషులు మారేవాళ్లు కాదు. మేము తాతల నాటి నుంచి క్రైస్తవులం, మా నాన్న బడిపంతులు. అయినా పార్టీకి మతం అడ్డు రాలేదు. మామ ఆదివారం చర్చిలో అందరికంటే గట్టిగా పాట పాడేవాడు, సోమవారం కొడవలి నూరుకునేవాడు. ఎగతాళికి చెప్పడం లేదు, చూసిందే చెబుతున్నాను.

నేను ఇంటర్ చదువుతున్నప్పుడు మామ స్నేహితుణ్ణి కాలువ అవతలి ఊరి వాళ్లు నాటుబాంబు వేసి చంపారు. బడిలో ఒకే పలక మీద రాసుకున్నవాళ్లు ఇద్దరూ. సమాధి మీద మట్టి వేసిన చేతులు కడుక్కోకుండానే, పగ తీర్చుకునేదాకా గడ్డం గీయించుకోనని మామ ఊరందరి ముందు మాట ఇచ్చాడు. ఆ గడ్డానికి మా దిక్కున అర్థం అందరికీ తెలుసు. అది పెరుగుతున్నంత కాలం పగ బతికే ఉన్నట్టు. అవతలి ఊరివాళ్లు ఆ గడ్డం చూసి, పొలానికి నీళ్లు కట్టడానికి కూడా నలుగురు కలిసి పోయేవాళ్లు. మా అవ్వ, అంటే మామ తల్లి, ఎవరు కనబడినా ఒకటే మాట అనేది. ఆ గడ్డం దిగితే తన కొడుకు బతికినట్టు, దిగకపోతే చంపడమో చావడమో ఏదో ఒకటి తప్పదని.

దాన్ని దించడానికి మేము పడని పాట్లు లేవు. మా నాన్న రెండు ఊళ్లకూ పోయాడు. రెండు చోట్లా మంచం వాల్చి, మజ్జిగ ఇచ్చి, చెప్పిందంతా విని, బస్సు ఎక్కించి పంపారు. మా నాన్న చీమకు కూడా దారి ఇచ్చే మనిషి. జన్మలో ఎవరి మీదా చెయ్యి ఎత్తనివాడు కొట్లాట వద్దంటే ఎవరికి కొత్త? చర్చి అయ్యగారు ఉపవాస ప్రార్థన పెట్టారు. మామ చివరి వరసలో గడ్డంతో కూర్చుని, అందరితో పాటు ఆమేన్ అని లేచి పోయాడు.

తర్వాత మామకు టైఫాయిడ్ వచ్చింది, అమ్మా నేనూ చూడటానికి ఊరికి పోయాం. అవ్వకు అదే అదను అనిపించింది. ఒక మధ్యాహ్నం ఆయన జ్వరం మత్తులో ఉండగా, అవ్వ కత్తెర తీసుకుంది, అమ్మ ఆయన తల పట్టుకుంది, నేను గిన్నె పట్టుకున్నాను. గడ్డం తీసేస్తే పగ పోతుందని ముగ్గురం నిజంగా నమ్మాం. ఎడమ చెంప అయిపోయి కుడి చెంపకు వచ్చేసరికి ఆయనకు మెలకువ వచ్చింది. అరుస్తాడనుకున్నాం. అరవలేదు. చెంప తడుముకుని, "మా, నువ్వు కత్తిరించింది ఎంటికలే" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మిగిలిన సగం అట్లాగే ఉంచుకున్నాడు. జ్వరం తగ్గి జమ్మలమడుగు సంతకు పోతే చూసినవాళ్లు నవ్వాపుకోలేకపోయారు. ఇంట్లో ఆడోళ్లు గొరిగినారంట అని సొంత పార్టీవాళ్లే ఎగతాళి చేశారు. అవతలి ఊళ్లో గడ్డం తీసేశాడని విని ఊపిరి పీల్చుకున్నవాళ్లు, సగం గడ్డం చూసి ఇదేదో మోసమని మళ్లీ కత్తులు బయటికి తీశారు. మేము చల్లార్చాలని చేసిన పని రెండు వైపులా రాజేసింది. ఎగతాళి పడలేక మామ అంతకుముందు కంటే ముందు వరసలోకి పోయాడు.

ఒక పొద్దున కాలువ తూము దగ్గర రెండు ఊళ్లూ కలబడ్డాయి. మామ భుజం ఎముక విరిగింది. ఆయన కొడవలి దెబ్బకు అవతలి మనిషి ఒకాయనకు ఎడమ చేతి రెండు వేళ్లు తెగిపోయాయి. స్నేహితుణ్ణి చంపింది ఆ మనిషి కాదు. తూము ఎత్తి నీళ్లు కట్టుకోవడానికి వచ్చినవాడు.

మామ కట్టు కట్టించుకుని మా ఇంట్లో పది రోజులు ఉన్నాడు. ఒక్కసారి కూడా వెక్కిరించలేదు నన్ను. పదకొండో రోజు పొద్దున్నే జమ్మలమడుగు పోతానన్నాడు. పని పూర్తి చేయడానికే పోతున్నాడని అమ్మ అనుకుంది. పక్కన ఆడపిల్ల ఉంటే దుడుకు పని చేయడని నన్ను వెంట పంపింది. కూతురి ప్రాణం అడ్డం పెట్టి తమ్ముణ్ణి కాపాడుకోవాలనుకుందని నేను తర్వాత చాలాసార్లు దెప్పాను.

బస్సు దిగి ఆయన నేరుగా బస్టాండు ఎదుటి మంగలి షాపులోకి పోయాడు. కుర్చీని ఒంటి చేత్తో ఎత్తి, అద్దం వైపు నుంచి రోడ్డు వైపు తిప్పి కూర్చున్నాడు. మంగలాయన చెయ్యి కదల్లేదు. పని అయిపోయిందా అని మెల్లగా అడిగాడు.

"కాలేదు. గీయప్పా" అన్నాడు మామ.

టీ బంకు కాడివాళ్లు, రిక్షావాళ్లు, గంపలు దించిన ఆడవాళ్లు, అవతలి ఊరి బస్సు కోసం నిలబడ్డవాళ్లు, అందరూ చూస్తుండగా పాత సగమూ, కొత్తగా మొలిచిన సగమూ దిగాయి. ఎండ పడని చోట చర్మం తెల్లగా బయటపడింది. తిరుగు బస్సులో ఎందుకు తీయించుకున్నావు మామా అని అడిగాను. కిటికీ వైపు తిరిగి చెప్పాడు.

"మీ నాయన చెప్పె, అయ్యగారు చెప్పె, మాయమ్మ ఏడ్సె. ఒకటీ లోపలికి పోల్యా పాపా. ఆ యప్ప చేతి ఏళ్లు కింద పడినాక తెలిసె, ఇంగ చాలని."

పార్టీలో కొందరు మండిపడ్డారు. కానీ పిరికివాడనడానికి నోరు రాలేదు. గడ్డం పెంచినవాడూ ఆయనే, ముందు వరసలో నిలబడి భుజం విరగ్గొట్టుకున్నవాడూ ఆయనే. తర్వాతి వారం ఇంకో ఇద్దరు అదే కుర్చీలో కూర్చున్నారు. చనిపోయిన స్నేహితుడి తల్లి మాత్రం మామతో మళ్లీ మాట్లాడలేదు. ఆమెది తప్పని నేను అనలేను.

గడ్డంతో చిక్కేమిటంటే, అది మళ్లీ మొలుస్తుంది. అందుకని మామ ప్రతి ఆదివారం చర్చి అయ్యాక జమ్మలమడుగు పోయి, కుర్చీ రోడ్డు వైపు తిప్పించుకుని గీయించుకునేవాడు. ఒకసారి పెన్న పొంగి బస్సులు ఆగిపోయాయి, ఆ వారం పోలేకపోయాడు. మంగళవారానికల్లా అవతలి ఊరి వాళ్లు ఇద్దరు వచ్చి, మీ వాని గడ్డం మాసిందంట, ఏమన్నా ఉందా అని మామ ఊరి టీ బంకు దగ్గర ఆరా తీశారు. మామ నవ్వుకుంటూ మోకాళ్ల లోతు నీళ్లలో దిగి జమ్మలమడుగు పోయాడు. ఆ ఆదివారాలు ఇప్పటికీ నా కళ్లకు కట్టినట్టు ఉన్నాయి. సబ్బు వాసనతో ప్రొద్దుటూరులో మా ఇంటికి వచ్చి, చెంప ముందుకు చాపి, నున్నగుందా లేదా చూడు పాపా అనేవాడు. నేను వేలితో రాసి చూసి మార్కులు వేసేదాన్ని.

తర్వాత నేను హైదరాబాదులో పరిశోధనలో చేరాను. ఎలుకల ఎముక మూలుగ నుంచి మాక్రోఫేజ్‌లు అనే కణాలను పెంచేదాన్ని. సూక్ష్మజీవులను మింగే కణాలు అవి. బ్యాక్టీరియా పై పొరలోని పదార్థం తగిలిస్తే అవి రెచ్చిపోతాయి. ముందు మంట పుట్టించే పదార్థాలు వస్తాయి, కొన్ని గంటలకు ఇంటర్‌ల్యూకిన్-10 వస్తుంది. ఆ జన్యువు తీసేసిన ఎలుకలకు పేగులు వాచి పుండ్లు పడతాయి. అంత అవసరమైన జన్యువు, నిమ్మళంగా ఉన్న కణంలో మాత్రం ఉండ చుట్టిన దారంలో లోపలి పోగులా బిగుసుకుని ఉంటుంది. దాన్ని ఏది తెరుస్తుందన్నదే నా ప్రశ్న.

శత్రువు తగిలిందన్న కబురును కణం పై నుంచి లోపలికి కొన్ని ప్రోటీన్లు ఒకటి తర్వాత ఒకటి అందించుకుంటూ పోతాయి. ఆ వరసను మధ్యలో మందుతో ఆపేస్తే కొట్లాట ఆగుతుంది, శాంతి జన్యువు హాయిగా తెరుచుకుంటుంది అనుకున్నాను. మందు వేశాను. మంట తగ్గింది. ఇంటర్‌ల్యూకిన్-10 మాత్రం దాదాపు కనబడకుండా పోయింది. మందు పాడైందనుకుని కొత్తది తెప్పించాను. ఫ్రీజర్‌ను తిట్టాను. నెలల తరబడి అదే ఫలితం. చివరికి మా గైడు మేడం నా కాగితాలు పక్కకు నెట్టి, "దారి నువ్వే మూసేసి, ఎవరూ రాలేదేమని అడుగుతావేంటమ్మా?" అంది.

ఆ మధ్యాహ్నం లాబ్‌లో కూర్చుని ఏడ్చాను. చిన్నబుచ్చుకుని కాదు. చేతిలో గిన్నె, గిన్నెలో మామ సగం గడ్డం కళ్ల ముందు కనబడ్డాయి. మంట రాజేసే కబురు ఏ దారిన లోపలికి పోతుందో, ఆర్పమనే జన్యువును తెరిచే కబురూ చాలావరకు ఆ దారినే పోవాలి. రెచ్చిపోయిన కణంలోనే, రెచ్చిపోవడంలో భాగంగానే, కొంచెం ఆలస్యంగా ఆ ఉండ వదులవుతుంది. అక్కడి నుంచి వచ్చిన పదార్థం ఆ కణానికీ చాలని చెబుతుంది, పక్క కణాలకూ చెబుతుంది. ఇంకో సంగతి తర్వాత తెలిసింది. ఆ జన్యువు రాసి పంపే ఆర్‌ఎన్‌ఏ అనే చీటీ ఎక్కువసేపు నిలవదు, తొందరగా చెరిగిపోయే గుర్తులు దాని తోకలోనే ఉంటాయి. మంట ఆరేదాకా మళ్లీ మళ్లీ రాస్తూ ఉండాలి. అది చదివిన రోజు ఆదివారం కాకపోయినా నాకు సబ్బు వాసన వచ్చింది.

కణాలు మనుషులు కావని నాకు తెలుసు. వాటికి పగ లేదు, పశ్చాత్తాపమూ లేదు. ఈ పోలిక ఏ పేపర్‌లోనూ రాయలేదు. సెలవులకు పోయినప్పుడు మామకు మాత్రం చెప్పాను. అంతా శ్రద్ధగా విని, దీనికి ఇంత చదువు కావాల్నా పాపా అన్నాడు.

రోజులు మారాయి. కేసులు కోర్టులో రాజీ అయ్యాయి. ఆ మంగలి షాపు మూసేసి సెల్‌ఫోన్ల షాపు పెట్టారు. మామ ఇంకో షాపు వెతుక్కున్నాడు కానీ ఆదివారం మాత్రం మానలేదు. ఆ గడ్డం కోసం చూసేవాళ్లు ఎవరూ మిగల్లేదని నేనంటే నవ్వేవాడు.

చివరికి ఆయనకు రక్తంలోకి ఇన్ఫెక్షన్ పాకి, కూతురు కాపురముండే పులివెందులలో ఆసుపత్రిలో చేర్చారు. ఒళ్లంతా రాజుకున్న మంట ఎంతకీ తగ్గలేదు. ఏ పదార్థం పెరిగిందో, ఏది సరిపోలేదో పక్కన కూర్చుని పేర్లతో సహా చెప్పగలను. చేయగలిగింది మాత్రం తడిగుడ్డ వేయడమే. నా చదువు మీద నాకే అంత కోపం ఎప్పుడూ రాలేదు. మామకు మాట్లాడే ఓపిక లేదు, చేత్తో చెంపలు మాత్రం తడుముకుంటున్నాడు. దురదేమో అనుకుని పౌడర్ వేశాను.

పన్నెండో రోజు మధ్యాహ్నం ఒక ముసలాయన బత్తాయిలు పట్టుకుని వచ్చాడు. సంచి పట్టుకున్న ఎడమ చేతికి రెండు వేళ్లు లేవు. తూము కాడి మనిషి. మంచం పక్కన నిలబడి మామ మొహం వైపే చూశాడు. పన్నెండు రోజుల గడ్డం తెల్లగా పెరిగి ఉంది. సంచి కింద పెట్టి వెళ్లిపోయాడు. పాత సంగతులు గుర్తొచ్చి మనసు చెదిరిందేమో అనుకున్నాం.

అరగంటకు బజారు నుంచి సబ్బు, బ్రష్షు, కొత్త కత్తి కొనుక్కుని తిరిగి వచ్చాడు. మామ కూతురు లేచి అడ్డం నిలబడి నా వైపు చూసింది. నేనూ లేచి నిలబడ్డాను. మామ కళ్లు తెరిచి ఆయన్ను చూశాడు. చూసి, తలగడ మీద తల వెనక్కి వాల్చి ఆయన ముందు గొంతు చాపాడు.

ఆయన రెండు వేళ్లు లేని చేత్తో మామ గడ్డం పైకెత్తి పట్టుకుని, కుడి చేత్తో నిదానంగా గీశాడు. రెండు చెంపలూ అయ్యాక కత్తి తుడవబోతుంటే మామ చెయ్యి లేపి గొంతు కింద ఒక చోట చూపించాడు.

"ఈడ మిగిల్న్యాదప్పా" అన్నాడు.

ఆయన మళ్లీ సబ్బు రాశాడు. నేను గిన్నె పట్టుకున్నాను.