కదిలినంతే లెక్క

కామసముద్రంలో మా పక్కింటి చెన్నప్పకు బోరు అంటే ఒకటే, నీళ్ల కోసం భూమిని తొలిచేది. బోరు లారీ మీద పనిచేస్తూనే జుట్టు నెరిసింది. నీళ్లు పడితే పొలం వాళ్లకంటే ముందు తానే తడిసి ఈల వేసేవాడు.

నిరుడు అతనికి కుడివైపు పడిపోయింది. డాక్టరు స్ట్రోక్ అన్నాడు. ఆ మాట పలికితే మళ్లీ వస్తుందేమోనని భార్య చెన్నమ్మ భయం, ఇంట్లో ఎవరినీ అననిచ్చేది కాదు. నోటి మాట తిరిగి వచ్చింది గానీ చెయ్యి రాలేదు. రోజూ రబ్బరు బంతి పిసక్కపోతే బిగుసుకుపోతుందని డాక్టరు చెప్పినా, "ఎందుకులే" అని పక్కన పడేసేవాడు. ఆ మొండితనానికి నాకు ఒళ్లు మండేది.

కూతురు మాల ఆటోమొబైల్ డిప్లొమా చదువుతోంది. మొన్న నేను పాలు తీసుకుని వెళ్లేసరికి, కారు ఇంజిను ఎన్ని సీసీలో లెక్కకట్టడం పైకి చదువుతోంది.

"బోరు ఏడు సెంటీమీటర్లు..."

చెన్నప్ప తల తిప్పాడు. "అంత సన్న బోరు ఎవురు ఏసినారమ్మా? లోతెంత?"

నాకు నవ్వాగలేదు.

"ఇది ఇంజిన్లో బోరప్పా, సిలిండరు వెడల్పు. దీనికి లోతు లెక్కలేదు. లోపల పిస్టన్ కిందికీ పైకీ ఆడతాది. అది ఎంత కదిలితే అంతే లెక్క. ఎనిమిది సెంటీమీటర్లు."

"ఆ కదిలేదాన్ని ఏమంటారు?"

మాల తల్లివైపు చూసింది. పొయ్యి దగ్గర చెన్నమ్మ చెయ్యి ఆగిపోయింది.

"స్ట్రోక్ అంటారప్పా."

చెన్నప్ప ఎడమచేత్తో గడ్డం గోక్కున్నాడు. "కదిలితే స్ట్రోకా? మన డాక్టరు కదలకపోతే అన్నాడే!"

మాల కళ్లు తుడుచుకుని లెక్క సాగించింది. ఏడు సెంటీమీటర్ల గుండ్రానికి వైశాల్యం ముప్పై ఎనిమిదిన్నర. దాన్ని ఎనిమిదితో హెచ్చిస్తే మూడు వందల ఎనిమిది. సిలిండర్లు నాలుగు కాబట్టి పన్నెండు వందల ముప్పై రెండు సీసీలు.

"జానెడు కూడా కదలదు, కారును లాగుతాదా?"

"లాగుతాదప్పా."

చెన్నప్ప ఒళ్లో పడున్న కుడిచేతిని చూసుకున్నాడు. తర్వాత అడిగాడు, "ఇంగ ఆ బంతి యాడుండాది?"

మాల బంతిని అతని కుడి అరచేతిలో పెట్టింది. చెన్నప్ప పళ్లు బిగించాడు. వేళ్లు కదిలీ కదలనట్టు లోపలికి ముడుచుకున్నాయి. మాల గబగబా స్కేలు తీసి ఆ వేళ్ల పక్కన పెట్టింది.

పొయ్యి దగ్గర నుంచి చెన్నమ్మ అడిగింది. "ఎంతుండాదే స్ట్రోకు?"