రాయికీ సిమెంటుకీ మధ్య

మా పెరట్లో స్విమ్మింగ్ పూల్ ఉందంటే కొత్తవాళ్ళు ముందు ఇంటివైపు చూస్తారు, ఆ తర్వాత నావైపు చూస్తారు. మిరపకాయలు పండించుకునే వాళ్ళకి ఈ సోకేమిటని వాళ్ళ అనుమానం. నేనేమీ సర్దిచెప్పను. ఊళ్ళో దాన్ని పూల్ అని కూడా ఎవరూ అనరు, తొట్టి అంటారు. నడికుడిలో ఆటో ఎక్కి ఫలానా ఊళ్ళో తొట్టోళ్ళిల్లు అని చెబితే చాలు, మా గుమ్మం ముందు దింపిపోతారు.

మా ఆయన మిర్చి టిక్కీలు, అదే గోనె బస్తాలు, ఎత్తిన ట్రాక్టరు మీదికెక్కి తాడు బిగిస్తుంటే తాడు తెగింది. అంత ఎత్తునుంచి వెనక్కి పడ్డాడు. వెన్నుపూస దెబ్బతింది. ఆపరేషన్ అయ్యాక నడుము కింద స్పర్శ కొంచెం మిగిలింది గానీ బలం లేదు. గుంటూరు ఆస్పత్రిలో కసరత్తులు చేయించే అమ్మాయి ఒకరోజు ఆయన్ని కుర్చీతో సహా నీళ్ళ తొట్టిలోకి దింపింది. ఛాతీదాకా నీళ్ళు. కమ్మీ పట్టుకుని మోకాళ్ళు నిటారుగా పెట్టమంది. నేను గట్టుమీద కూర్చుని చూస్తున్నాను.

"ఏమే, నిలబడ్డానే," అన్నాడు.

నిజంగానే నిలబడ్డాడు. పట్టుమని పది నిమిషాలు కూడా కాదు గానీ, పెళ్ళినాడు కూడా ఆ మనిషి ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు. నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఇంటికి పంపించే ముందు ఆ అమ్మాయి నన్ను పక్కకు పిలిచి చెప్పింది. రోజూ నీళ్ళలో నిలబెట్టాలట. తిరిగి వచ్చే బలం ఏదైనా ఉంటే ఈ మొదటి ఏడాదిలోనే వస్తుందట, మానేస్తే కాళ్ళు ఆ పని మర్చిపోతాయట. గుంటూరులోనే ఇల్లు తీసుకుందామంటే ఆయన ఒప్పుకోలేదు. మంచం మీద పడుకునైనా సరే సొంత చేను చూసుకోవాలన్నాడు. రోజూ అంత దూరం తిప్పడం కుదరని పని. అందుకని పెరట్లోనే తొట్టి కట్టిద్దామని అనుకున్నాం. అంతవరకు ఇది మా ఇద్దరి మధ్య మాట. ఇంటి గడప దాటగానే అది ఊరందరి మాటయింది.

మా ఆయనకి ఇద్దరు పెద్దదిక్కులు. ఒకరు ఆయన పెదనాన్న, నేను పెదమామయ్య అంటాను. మాచర్ల దారిలో ఆయనకు నాపరాయి క్వారీ ఉంది. రెండో ఆయన మా వదిన భర్త, మా ఆయనకు బావ, నాకు అన్నయ్య వరస. నరసరావుపేటలో సిమెంటూ ఇనుమూ అమ్ముతాడు. మొన్నటి సర్పంచి ఎన్నికల్లో వీళ్ళిద్దరూ చెరో వైపు తిరిగి, అప్పటినుంచి మాట్లాడుకోవడం మానేశారు. ఆస్పత్రి వరండాలో కూడా ఒకాయన ఈ బెంచీ మీద, ఇంకొకాయన ఆ బెంచీ మీద కూర్చున్నారు. ఇద్దరూ ఏడ్చారు, అది మాత్రం నేను కళ్ళారా చూశాను. వాళ్ళకు మా ఆయన మీద ప్రేమ లేదంటే నా నోట్లో పురుగులు పడతాయి.

నేనైతే ఫైబర్ తొట్టి కావాలన్నాను. ఫోన్లో వీడియోలు చూసి చూసి నాకు దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ వచ్చేశాయి. అచ్చులో పోసి తయారుగా పెట్టి ఉంటుంది, హైదరాబాదు నుంచి లారీలో వస్తుంది. గుంట తవ్వి చుట్టూ ఇసుక పోసి కూర్చోబెడితే వారం పదిరోజుల్లో నీళ్ళు పెట్టుకోవచ్చు. అందంగా ఉంటుందని కాదు, తొందరగా అవుతుందని నేను దానికోసం పట్టుబట్టాను.

పెదమామయ్య ఆ వీడియో చూసి ఫోను మంచం మీద పెట్టేశాడు. "ఏందమ్మా ఇది? గేదెలకు కుడితి తొట్టి పెట్టినట్టు మావోణ్ణి ఇందులో పెడతావా? మన క్వారీలో రాయి ఉండగా డబ్బా కొనుక్కొచ్చారని నలుగురూ ఎట్టా అనుకుంటారో ఆలోచించావా?" అన్నాడు. అన్నయ్య ఫోన్లోనే తేల్చేశాడు. మాది నల్లరేగడి, వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది, ఆ భూమిలో ఫైబర్ నాలుగు నాళ్ళు కూడా ఆగదు, ఇనుప చువ్వలు కట్టి కాంక్రీటు పోస్తేనే నిలుస్తుందన్నాడు. ఎన్నికల తర్వాత వాళ్ళిద్దరూ ఒక్కమాట మీద నిలబడిన విషయం ఏదైనా ఉందంటే నా ఫైబర్ తొట్టి వద్దన్నదొక్కటే.

ఈశాన్యం మూల నీళ్ళుంటే మంచిదని సిద్ధాంతి కూడా ఒప్పుకున్నాడు గనుక చోటు గురించి గొడవ రాలేదు. మిరప నారు పోసే రోజుల్లో పొక్లెయిన్ వచ్చి గుంట తవ్వింది. ఆ మర్నాడే పెదమామయ్య చెప్పాపెట్టకుండా ట్రాక్టరు నిండా నాపరాళ్ళు పంపించి మా గేటు లోపల దింపించాడు. ఆ సంగతి నరసరావుపేట చేరడానికి ఎంతసేపు పడుతుంది? రెండ్రోజులు తిరక్కుండా సిమెంటు బస్తాలు, ఇనుప చువ్వలు వచ్చి పడ్డాయి. మావైపు ఒక పద్ధతి ఉంది. అయినవాళ్ళు పంపిన సరుకు గుమ్మంలో దిగాక వెనక్కి పంపితే ఆ ఇంటితో రాకపోకలు తెంచుకున్నట్టే. వాడుకోకుండా పక్కన పడేసినా అంతే. నాపరాయి పరిస్తే అన్నయ్య ఇక మా గడప తొక్కడు, కాంక్రీటు పోస్తే పెదమామయ్య తొక్కడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మా ఆయన మంచం మీద పడుకుని కిటికీలోంచి ఒక పక్క రాళ్ళు, ఒక పక్క బస్తాలు, మధ్యలో గుంట చూస్తూ ఉండేవాడు.

నాకు నోరెక్కువని మా అత్తగారు బతికున్నప్పుడు ఊరంతా చెప్పేది. ఆ నోరు దేనికీ పనికిరాలేదు. ఒక ఆదివారం పెద్దమనుషులు మా వసారాలో కూర్చుని రాయి గొప్పా సిమెంటు గొప్పా అని వాదించుకుంటుంటే నేను మధ్యలోకి వెళ్ళి నిలబడ్డాను. "రాయైనా వెయ్యండి, రేకైనా వెయ్యండి. ఆయనకు కావాల్సింది నీళ్ళు. రోజులు పోతున్నాయి," అన్నాను. పెదమామయ్య ఎంతో నెమ్మదిగా, నా తల నిమిరినంత పని చేసి, నువ్వు దిగులు పెట్టుకోమాకమ్మా, మేం లేమా, లోపలికిపోయి టీ పెట్టు అన్నాడు. కసిరి ఉంటే ఎదురు తిరిగేదాన్నేమో. ప్రేమగా చెప్పేసరికి ఏం చెయ్యాలో తెలియక టీ పెట్టాను. పొయ్యి దగ్గర నిలబడి నామీద నాకే అసహ్యం వేసింది.

వానలు పట్టుకున్నాయి. నల్లరేగడిలో నీళ్ళు ఇంకవు కదా, గుంట నిండిపోయి బురద చెరువయింది. ఒకరోజు మా పాడిగేదె పలుపు తెంచుకుని నేరుగా వెళ్ళి అందులో దిగి, కొమ్ములు మాత్రం పైకి పెట్టుకుని సాయంత్రందాకా పడుకుంది. ఎంత అదిలించినా లేవలేదు. కుడితి తొట్టి వద్దన్న పెదమామయ్యే గట్టుమీద నిలబడి కర్ర ఊపాడు. కిటికీలోంచి చూసి మా ఆయన పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. మా అందరిలోకీ ముందు ఆ తొట్టిలో సుఖపడింది ఆ గేదె.

నవ్వు ఆగాక ఆయన నన్ను దగ్గరకు పిలిచాడు.

"సాగర్ కాలవకు నీళ్ళొదిలారంటగా. నన్ను ఆడికి తీసకపోవే. మెట్లకాడ దింపు చాలు."

కాళ్ళు బాగున్నవాళ్ళనే ఆ కాలవ లాక్కుపోతుంది. ఏటా ఎవరో ఒకరు పోతూనే ఉంటారు. ఆ మాట ఆయనకూ తెలుసు. వద్దన్నాను. మళ్ళీ అడగలేదు, గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను రోజూ పొద్దునా సాయంత్రం ఆయన కాళ్ళు చేతుల్లోకి తీసుకుని ఆస్పత్రిలో నేర్పినట్టు వంచి చాపేదాన్ని. పిక్కలు సన్నబడుతున్న సంగతి నా చేతికి తెలుస్తూనే ఉంది. ఎవరితో చెప్పుకోవాలి? చెబితే వాళ్ళు ఇంకో ట్రాక్టరు పంపిస్తారు.

కార్తీకంలో ముసురు పట్టినప్పుడు పట్టా కప్పినా చెమ్మ ఎక్కి సిమెంటు బస్తాలు సగం గడ్డకట్టాయి. కావాలనే తడవనిచ్చారని అన్నయ్య అలిగాడు. మా వదిన వచ్చి నా ముందు కూర్చుని ఏడ్చి వెళ్ళింది. అన్నయ్య మళ్ళీ కొత్త బస్తాలు పంపించాడు. నరసరావుపేట నుంచి వచ్చిన ఇంజనీరు మట్టి చూసి, ఈ రేగడంతా లోతుగా తీసి గ్రావెల్ నింపాలనీ, ఏది వేసినా మొత్తం ఒక్కదానితోనే కట్టాలనీ, రెండు రకాలు కలిపితే అతుకు దగ్గర విడిపోతుందనీ చెప్పాడు. అందరూ తల ఊపారు. ఆయన కారెక్కి వెళ్ళగానే మొదటి కోతలు అయ్యాక చూద్దామన్నారు.

మొదటి కోతలూ అయ్యాయి. చివరికి పెద్దమనుషులు ఒక దారి కనిపెట్టారు. అడుగు కాంక్రీటుతో అన్నయ్య పోయిస్తాడు, గోడలూ మెట్లూ నాపరాయితో పెదమామయ్య కట్టిస్తాడు. ఎవరి మాటా పోలేదు, ఎవరి సరుకూ వెనక్కి పోలేదు. ఇంత మంచి తీర్పు ఈ మధ్యకాలంలో చెప్పలేదని వాళ్ళను వాళ్ళే మెచ్చుకున్నారు. ఇంజనీరుకు ఫోన్ చేస్తే, మీ ఇష్టం అన్నాడట. ఆ తర్వాత ఆయన ఫోన్ ఎత్తలేదు.

కట్టడం మొదలుపెట్టాక మాత్రం పోటీలు పడి కట్టారు. అడుగు అద్దంలా ఉండాలని అన్నయ్య, గోడ గీత గీసినట్టుండాలని పెదమామయ్య. నేను మేస్త్రీల వెంటపడి ఒక్కటే మాట చెప్పేదాన్ని, ఆయన పట్టుకోవడానికి లోపల కమ్మీ పెట్టండి అని. గోడలో బిగించాలంటే రాయివాళ్ళను అడగాలని ఒకళ్ళు, ఇనుము సిమెంటువాళ్ళదని ఇంకొకళ్ళు. పెడతాం లేమ్మా అన్నారు. తొట్టి పూర్తయ్యేసరికి కల్లాల్లో మళ్ళీ మిర్చి ఎండుతోంది. ఆయన ట్రాక్టరు మీదనుంచి పడిన రోజుల్లో ఎట్లా ఎండుతుండేదో అట్లాగే. ఆస్పత్రి అమ్మాయి చెప్పిన ఏడాది అయిపోయింది. దాన్ని తలుచుకుంది నేనొక్కదాన్నే, లేకపోతే ఆయనా తలుచుకున్నాడేమో, పైకి అనలేదు.

ఆయన్ని దింపేనాడు అయినవాళ్ళంతా వచ్చారు. గోడకు పసుపు రాశారు, కొబ్బరికాయ కొట్టారు. పెదమామయ్య తూర్పు గట్టుమీద కుర్చీ వేసుకున్నాడు, అన్నయ్య పడమటి గట్టుమీద నిలబడ్డాడు. నేను చీర దోపుకుని ముందు నీళ్ళలోకి దిగాను. నలుగురు కుర్చీతో ఆయన్ని మెట్ల మీదుగా దింపి నాకు అప్పగించి గట్టెక్కారు. నీళ్ళు ఆయన ఛాతీదాకా వచ్చాయి. పట్టుకోవడానికి కమ్మీ లేదు. నా రెండు చేతులూ ఆయన నడుం చుట్టూ వేసి కుర్చీలోంచి పైకి లేపాను. మోకాళ్ళు నిటారు చెయ్యమని చెవిలో చెప్పాను. ఆయన పళ్ళు బిగించాడు, మెడ నరాలు తేలాయి. కాళ్ళు మాత్రం కదల్లేదు. నీళ్ళు ఎటు ఊగితే అవి అటు ఊగుతున్నాయి. ఆయన నా ముఖంలోకి చూశాడు. ఏడాదంతా పడ్డ ఆశ ఆ చూపులోనే అయిపోయింది.

"ఏరా, నిలబడ్డావా?" అన్నాడు పెదమామయ్య ముందుకు వంగి.

"అడుగు గట్టిగా ఉందా బామ్మర్దీ?" అన్నాడు అవతలి గట్టునుంచి అన్నయ్య.

"నిలబడ్డా పెదనాన్నా," అన్నాడు మా ఆయన. తర్వాత మెడ ఇటు తిప్పి, "గట్టిగా ఉంది బావా," అన్నాడు.

గట్టుమీద అందరూ చప్పట్లు కొట్టారు. మా వదిన దేవుడికి దణ్ణం పెట్టింది. పెదమామయ్య కండువాతో కళ్ళు తుడుచుకుని, ఎన్నికల తర్వాత మొదటిసారి అన్నయ్యవైపు తిరిగి, అడుగు బాగా కుదిరిందయ్యా అన్నాడు. రాయి ముందు నా సిమెంటెంత అన్నాడు అన్నయ్య. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని భోంచేశారు. వాళ్ళు గట్టు దిగి భోజనాలకు వెళ్ళేదాకా నేను నీళ్ళ కింద చేతులు వదల్లేదు.

ఇంజనీరు చెప్పినట్టే అడుగూ గోడా కలిసే దగ్గర సన్నగా విడిపోయింది. తెల్లారేసరికి నీళ్ళు తగ్గిపోతాయి, నేను మోటారు వేసి మళ్ళీ నింపుతాను. అది రాయి వల్లా సిమెంటు వల్లా అని ఎవరూ అడక్కుండా, చెప్పడమే మానేశాను. ఆ తర్వాత మంచి స్టీలు కమ్మీ కూడా బిగించారు, దాని మీద తడి తువ్వాళ్ళు ఆరేస్తాను.

రోజూ సాయంత్రం ఇద్దరం దిగుతాం. ఎవరన్నా చూడ్డానికి వస్తే ఆయన నిలబడతాడు, నేను కింద పట్టుకుంటాను. ఎవరూ రాని రోజు ఆ శ్రమ పెట్టుకోం. నేను నాపరాయి గోడకు వీపు ఆనిస్తాను, ఆయన నా భుజం మీద తల ఆనిస్తాడు. మొన్న అట్లా ఉన్నప్పుడే అడిగాడు.

"ఏమే, బరువుగా ఉన్నానా?"

లేదన్నాను. ఆ తొట్టిలో ఇంతవరకు మేం చెప్పిన మాటల్లో నిజం అదొక్కటే.